కనకం గీసిన జనం

కనకం తండ్రి అప్పలకొండ నాటకాల తెరలు గీసేవాడు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు చుట్టుపక్కల ఏ కంపెనీ దిగినా ఆయనకే కబురు వెళ్ళేది. రాజసభలు, కోట గుమ్మాలు, స్వర్గంలో మబ్బులు అన్నీ ఆయన చేతిలోంచే వచ్చేవి. తల్లి లేని పిల్ల కావడంతో కనకం ఆ రంగు డబ్బాల మధ్యే పెరిగింది. తండ్రి వెనకాల నిలబడి సుద్ద నూరేది, రంగుల్లో కలిపే వజ్రం బంక కాచేది, మబ్బుల అంచులకు నీలం పూసేది. నాటకం సాగుతున్నంతసేపూ తెర వెనక చాప మీద పడుకునేది. ముందు కూర్చున్నవాళ్ళు చూసే మబ్బులే ఆమెకు వెనక నుంచి తిరగబడి, లాంతరు వెలుగు నిండి కనిపించేవి.

సూర్యాన్ని పెళ్ళాడి బిలాస్‌పూర్ వచ్చాక ఆమె కుంచె ముట్టలేదు. సూర్యం లోకో షెడ్డులో ఫైర్‌మన్, ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే పని. వాళ్ళ క్వార్టరు ఉన్న వరుసలో అందరూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్ళే. వాకిట్లో నిలబడితే షెడ్డు నుంచి ఆవిరి కదిలి వచ్చేది. ఆరేసిన చీరలు, ఎదురింటి గుమ్మం, వీధి చివర వేపచెట్టు అన్నీ అందులో చెరిగిపోయి, కాసేపటికి ఒక్కొక్కటే తేలేవి. మొదట్లో కనకం భయపడింది. తర్వాత ఆ ఆవిరి వచ్చే వేళకు పొయ్యి మీద కూర దించి మరీ గుమ్మంలోకి వచ్చేది. కాసేపు ఊరు లేదు, కాసేపటికి ఉంది. ఆ మధ్యలో తనెక్కడుందో ఆమెకే తెలిసేది కాదు.

డ్యూటీ లేని సాయంత్రాల్లో సూర్యం షెడ్డు జట్టులో ఫుట్‌బాల్ ఆడేవాడు. జట్టుకు పెద్దదిక్కు బంగార్రాజు. ఆయన మెయిలు డ్రైవరు, మీసాలాయన. తెలుగువాళ్ళ వరుసల్లో ఆయన మాట అంటే మాటే. వానలు తగ్గుముఖం పట్టగానే మ్యాచులు మొదలయ్యేవి. ఆ ఏడు మొదటి మ్యాచి ఓడిపోయి వచ్చిన సూర్యం చొక్కా కూడా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాడు.

“ఏటయింది మావా?” అంది కనకం.

“ఏటవుతాది? ఎండ. రెండో సగంలో తూరుపు గోలు ఎవులికి పడితే ఆళ్ళు సచ్చినట్టే. ఏటవతల సర్కండా మీదకి దిగినాక సూరీడు సరిగ్గా కళ్ళల్లోకే వొస్తాడు. బంతి వొచ్చిందో నేదో గోలుకాడున్న మన శంకర్రావుకి కనపడిందే నేదు. టాసు మనకెప్పుడూ కలిసిరాదు.”

“మరేటి సేస్తారు?”

“పడమటి గోలు ఎనకాల పెద్ద గుడ్డ కడదామంటన్నారు డ్రైవరు బాబు. సాహెబుల కేంపులో పాత గుడారం గుడ్డ వొకటి పారేసినారు, అది అడిగి తెచ్చినారు. అయితే తెల్లగుడ్డ కడితే అదీ మెరుస్తాది గదా. తారు పూసేద్దామని సూస్తన్నారు.”

“తారా!”

ఆమె గొంతు విని సూర్యం తలెత్తి చూశాడు.

“ఎంత గుడ్డ మావా అది?”

“సేనా పెద్దది. మన నాలుగు క్వార్టర్ల పొడుగుంటాది.”

అంత గుడ్డ. కనకం చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది. తర్వాత చాలా మెల్లిగా అడిగింది: “మీ ఆట సూడ్డానికి ఎంతమంది వొస్తారు?”

“ఎవులొస్తారే? షెడ్డోళ్ళు సగం మంది డ్యూటీలో, సగం మంది నిద్దర్లో. పై ఊరోళ్ళయితే బండి నిండా జనాన్ని ఏసుకొస్తారు. మనకి ఆ డ్రైవరు బాబూ, వొకటో రెండో కుక్కలూ.”

“ఆడోళ్ళు?”

సూర్యం నవ్వాడు. ఆడవాళ్ళు మైదానం వైపు వెళ్ళరని, వెళ్ళకూడదని ఆమెకూ తెలుసు.

“అయితే ఆ గుడ్డ నాకియ్యమను,” అంది కనకం. “నాను జనాన్ని గీస్తాను.”

బంగార్రాజు పెద్దగా ఆలోచించలేదు. తారు పూయడం కంటే ఎవరో ఒకరు ఊరికే రంగు వేసిపెడతానంటే మంచిదే కదా అనుకున్నాడు. సూర్యం భార్య నాటకాల తెరలు గీసే ఇంటి పిల్ల అని విని, “అచ్ఛా, రెండు కొండలూ నాలుగు పక్షులూ వెయ్యమను” అన్నాడట. జనం సంగతి సూర్యం ఆయనకు చెప్పనేలేదు.

గుడ్డ ట్రాలీ మీద వచ్చింది. రెండు వరుసల మధ్య ఉన్న ఖాళీలో పరిస్తే, ఆ చివరా ఈ చివరా గుమ్మాల దాకా తాకింది. పిల్లలు దాని మీద పొర్లారు. చిరుగులున్న చోట ఆడవాళ్ళు గోనె సూదులు పట్టుకుని కుట్టారు. కనకం తెలిపారా బజారు నుంచి సుద్ద, నీలిమందు, పసుపు, ఆకుపచ్చ రంగు తెప్పించింది. పొయ్యి మీద వజ్రం బంక ఉడుకుతుంటే ఆ వాసనకు చుట్టుపక్కలవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆమె మాత్రం ఆ పొగలోనే నిలబడింది. ఎన్నో ఏళ్ళకు పుట్టింటివాళ్ళు వచ్చినట్టుంది ఆమెకు.

“వానొస్తే ఈ రంగు కారిపోతాది మావా,” అని ముందే చెప్పింది.

“వానొస్తే ఎండుండదు గదా. సుట్టి లోపల పెట్టేస్తాం,” అన్నాడు సూర్యం. తను కూడా ఒక షరతు పెట్టాడు. “ఎరుపెక్కడా రానీకు. మా చొక్కాలు ఎరుపు. ఎనకాల జనం కూడా ఎర్రగుంటే ఎవులు మనిసో ఎవులు బొమ్మో తెల్దు.”

అందుకని ఆమె జనానికి నీలం, పసుపు, పచ్చ బట్టలు మాత్రమే కట్టించింది. గోలు స్తంభాల వెనక పడే భాగమంతా ముదురు నీలం చీరలతో నింపేసి, అక్కడి ముఖాలకు పై వరుసల్లో చోటు వదిలింది. అలాగైతే తోలు బంతి విడిగా కనిపిస్తుంది.

ఒంటికి గుడ్డలు వచ్చాయి. ముఖాలు రాలేదు. కనకానికి ఆట చూసే మనిషి ముఖం ఎలా ఉంటుందో తెలియదు. నాటకం చూసేవాళ్ళ ముఖాలు తెలుసు. అవి ఒకే వైపు చూస్తాయి, కన్ను ఆర్పవు. బంతి చూసేవాళ్ళూ అంతేనా?

“గోలు పడినప్పుడు సూసేవోళ్ళు ఎలగుంటారు మావా?” అని సూర్యాన్ని అడిగింది.

“ఏమో. మేం బంతి సూస్తాం గాని ఆళ్ళని ఎవులు సూస్తారే?”

ఆ మధ్యాహ్నం ఆమె ఒక పని చేసింది. వరుసలో ఆడవాళ్ళందర్నీ పిలిచి గుడ్డ పక్కన కూర్చోబెట్టింది. సూర్యాన్ని ఎదురుగా నిలబెట్టి ఏదో ఒక పాత మ్యాచి చెప్పమంది. అతను మొదట సిగ్గుపడ్డాడు. గోడ వైపు తిరిగి మొదలుపెట్టాడు. కాసేపటికి సిగ్గు పోయింది. బంతి ఎక్కడ అందిందో, ఎవర్ని దాటాడో, బురదలో కాలు ఎలా జారిందో చెబుతూ తనకు తెలియకుండానే వాకిట్లో పరుగెత్తసాగాడు. అప్పుడే షెడ్డు నుంచి ఆవిరి వచ్చింది. ఆ తెలుపులో సూర్యం సగం కనిపించి, సగం మాయమై, లేని బంతిని లేని గోలులోకి తన్నుతుంటే ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. కనకం ఆ ముఖాలను బొగ్గుతో గుడ్డ మీదికి ఎత్తుకుంది.

“ఓలమ్మా, ఇది నానే గదే!” అంది అప్పయమ్మ.

అప్పయమ్మ బంగార్రాజు భార్య. పెద్ద మనిషి, పెద్ద ముక్కుపుడక, పెద్ద గొంతు. గుడ్డ మీద తన ముఖాన్ని వంగి చూసుకుని, ముక్కుపుడక ఉందో లేదో వేలితో తడిమింది.

“నీదే పిన్నీ. ఎక్కడ కూకుంటావో సెప్పు, అక్కడే ఉంచుతాను.”

“ముందు వరసే. ఇంకెక్కడ?”

ఆ మాటతో అందరూ చోట్లు అడగడం మొదలుపెట్టారు. లక్ష్మీనరసమ్మ తన అక్క పక్కన కావాలంది. అక్క పార్వతీపురంలో ఉంది, అయినా సరే గీయమంది. కొత్తగా కాపరానికొచ్చిన చిన్నతల్లి ఆఖరు వరుస అడిగింది. ముఖం కనిపించకూడదు, జడలో పువ్వులు కనిపిస్తే చాలంది. మస్తూరీ నుంచి తలమీద గంప పెట్టుకుని కూరలు తెచ్చే ఫూల్‌బాయి కూడా ఆగింది. ఆమె గంప దించి, గుడ్డంతా ఒకసారి కలయజూసి, “మోలా ఘలో బనా దే ఓ దీదీ” అంది. కనకం ఆమెనూ గీసింది, గంపతో సహా. ఆ పక్కనే తండ్రిని కూడా గీయాలనుకుంది. కుంచె కూడా ముంచింది. ఆయన ఎప్పుడూ తెర వెనకే ఉండేవాడు కదా అనిపించి మానేసింది.

గుడ్డ నిండింది. మగవాళ్ళను పై వరుసల్లో అక్కడక్కడా సర్దింది గానీ, చూడగానే కనిపించేది ఆడవాళ్ళే.

మ్యాచి నాటి మధ్యాహ్నం వెదురు స్తంభాలకు తెర ఎక్కించారు. బంగార్రాజు డ్యూటీ దిగి నేరుగా మైదానానికి వచ్చి, కొండలూ పక్షులూ ఉంటాయనుకున్న చోట తన భార్య ముక్కుపుడకను చూశాడు.

“ఏట్రా ఇది?” అన్నాడు సూర్యంతో. “మన ఆడోళ్ళని మైదానంలో కట్టినావేట్రా? దింపండి!”

అప్పటికే రాయగఢ్ నుంచి వచ్చిన జట్టు మైదానంలో దిగింది. రెఫరీ విజిల్ వేశాడు. బంగార్రాజు పళ్ళు కొరుక్కుంటూ గీత పక్కన నిలబడిపోయాడు.

రెండో సగంలో సూర్యుడు ఎప్పటిలాగే సర్కండా మీదికి దిగాడు. తెర వెనక నుంచి ఎండ పడేసరికి ఆ గుడ్డంతా లోపల దీపం పెట్టినట్టు వెలిగింది. నీలం చీరలు నీళ్ళలా లోతుగా, పసుపు చీరలు తేనెలా మెరిశాయి. గాలికి తెర కదిలితే వరుసలు వరుసలుగా జనం ఊగారు. తూర్పు గోలులో నిలబడ్డ శంకరరావు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మొదటిసారి మైదానం చివరిదాకా చూశాడు. ఆ చివర తన తల్లి, మేనత్త, పక్కింటామె కూర్చుని తన వైపే చూస్తున్నారు. ఆ రోజు అతను ఒక్క బంతిని కూడా వదల్లేదు.

షెడ్డు జట్టు గెలిచింది. అయినా మర్నాడు పొద్దున బంగార్రాజు సూర్యం వాకిట్లోకి వచ్చాడు. తెర అక్కడే పరిచి ఉంది. ఆయన వెనకే అప్పయమ్మ కూడా వచ్చింది.

“అమ్మీ, నీ పనితనం బాగుంది. కాదన్ను,” అన్నాడు బంగార్రాజు కనకంతో. “మన ఆడోళ్ళ ముఖాలు పై ఊరోళ్ళు సూడ్డం బాగునేదు. ఆడోళ్ళందరికీ మీసాలెట్టి తలపాగాలు సుట్టేయ్. మగోళ్ళయిపోతారు.”

కనకం దీపం మసి కలిపిన చిప్ప తెచ్చింది. ముందు వరుసలో అప్పయమ్మ ముఖం దగ్గర కూర్చుని, కుంచె ముంచి, బంగార్రాజు వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

“ఎట్టే, ఎట్టు,” అంది అప్పయమ్మ. “గుబురుగా ఎట్టు, ఈయనకున్నట్టు. ఏటండీ, మజ్జేన్నం నాను అన్నం వొడ్డిస్తంటే ఆ మీసమే కనపడతాది మీకు. బాగుంటాదా?”

గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బంగార్రాజు తన మీసం మీద చెయ్యి వేసుకుని, బొమ్మను చూశాడు, భార్యను చూశాడు.

“సరే, బొమ్మలుండనీ,” అన్నాడు చివరికి. “బొమ్మలే. మనుసులు మాత్రం తెర ముందు ఎక్కడా కనపడకూడదు. అంతే.”

ఆయన వెళ్ళిపోయాక అప్పయమ్మ కనకం పక్కకు జరిగింది. “కనకం, ఇన్నావా? ముందు కనపడొద్దన్నారు. ఎనక గురించి ఏటీ అన్నేదు.”

తర్వాతి మ్యాచికి వాళ్ళు బయలుదేరారు. చేతుల్లో బిందెలు పట్టుకున్నారు, ఎవరైనా అడిగితే నీళ్ళకని చెప్పడానికి. పడమటి గోలు వెనక తుమ్మచెట్లు, వాటి వెనక ఆర్పా నదికి దిగే దారి. అటు మగవాళ్ళెవరూ రారు. తెర వెనక గడ్డిలో అప్పయమ్మ, లక్ష్మీనరసమ్మ, చిన్నతల్లి, ఇంకొందరు నిలబడ్డారు. కనకం చివరగా నిలబడింది. ఎదురుగా గుడ్డ వెనక భాగం. రంగు ఊరి, అక్కడక్కడా నీలపు మరకలు, పసుపు మరకలు. బంతి గానీ మనిషి గానీ కనపడరు. చప్పుళ్ళే.

ఆ చప్పుళ్ళు ఆమె ఎన్నడూ విననివి. దూరంగా బంతి తగిలిన దబ్బుమనే మోత. తడి నేల మీద ఒట్టి పాదాలు పరిగెత్తే చప్పుడు, దగ్గరికొచ్చి, మళ్ళీ దూరమై. ఎవరో ఆయాసపడుతూ పేరు పెట్టి పిలవడం. తన భర్త గొంతు ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా వినలేదామె. “నాకియ్యి! నాకియ్యి!” అని అతను అరుస్తుంటే అది సూర్యమేనా అని సందేహం కలిగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. గుడ్డ వైపు చూడడం కంటే కళ్ళు మూసుకుంటేనే బాగా కనిపిస్తోంది. కనకం మూసిన కళ్ళ ముందు మైదానం ఆర్పా ఇసుకలా తెల్లగా పరుచుకుని ఉంది. దాని మీద ఎర్రచొక్కాలు నీళ్ళలో చేపల్లా తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి బంతి వచ్చి తెరను తాకింది. గుడ్డ ఉబ్బి, అప్పయమ్మ భుజానికి మెత్తగా తగిలి, వెనక్కి పోయింది. అప్పయమ్మ భుజం పట్టుకుని, దెబ్బ తగిలినందుకు కాకుండా దేవుడు తాకినట్టు నిలబడిపోయింది.

వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఎండ దిగేకొద్దీ వాళ్ళ నీడలు తెర మీద పడుతున్నాయి. మైదానంలో ఉన్నవాళ్ళకు ఆ వెలిగే జనం మధ్య నల్లటి తలలు అటూ ఇటూ కదులుతూ కనిపించాయి. సూర్యం మొదట కంటి దోషమనుకున్నాడు. తర్వాత ఒక నీడ చెయ్యెత్తి జారిన కొంగు సర్దుకుంది. ఆ సర్దుకోవడం అతనికి తెలుసు. రోజూ పొద్దున పొయ్యి దగ్గర చూస్తాడు. అతను ఎవరికీ చెప్పలేదు. శంకరరావు కూడా చూశాడు, అతనూ చెప్పలేదు. జట్టులో ఒక్కొక్కరే చూశారు, ఒక్కొక్కరే ఊరుకున్నారు. బంగార్రాజు గీత పక్కన నిలబడి తదేకంగా తెర వైపే చూస్తుండేవాడు. చూశాడో లేదో ఆయన ముఖం చూసి చెప్పలేం. ఆ నెలంతా షెడ్డు జట్టు ఓడిపోలేదు.

ఇంట్లో సూర్యం ఒకరోజు అన్నం తింటూ, “ఆటప్పుడు నీళ్ళకెళ్తన్నావా?” అన్నాడు.

“ఎల్తన్నాను,” అంది కనకం.

“మంచిది,” అన్నాడు. కనకం ఇంకో గరిటె కూర వేసింది.

ఆఖరి మ్యాచి చక్రధర్‌పూర్ జట్టుతో పడింది. ఆ రోజు పొద్దున్నుంచీ ఎండ. ఆకాశంలో తెల్ల మబ్బులు తప్ప ఏమీ లేవు. చక్రధర్‌పూర్ వాళ్ళు డోలు కూడా తెచ్చుకున్నారు. తెర వెనక ఎప్పటికంటే ఎక్కువ మంది ఆడవాళ్ళు చేరారు. ఫూల్‌బాయి కూడా ఖాళీ గంపతో వచ్చింది. రెండో సగానికి రెండు జట్లూ చెరొక గోలు వేసి సమంగా ఉన్నాయి.

అప్పుడు ఆర్పా మీద గాలి మారింది. వెనక నుంచి చల్లగా మెడలకు తగిలింది. కనకం తిరిగి చూస్తే నదికి అవతల సర్కండా కనిపించలేదు. బూడిదరంగు వాన నిలువుగా నడిచి వస్తోంది. తెర చుట్టమని అరవాలనుకుంది. తాము అక్కడ లేరు కదా, ఎలా అరవడం? అంతలో వాన వాళ్ళను దాటి తెరను తాకింది.

గుడ్డ తడిసి నల్లబడింది. మరుక్షణం అవతల ఉన్న రంగులు ఇవతలికి ఊరడం మొదలైంది. నీలం నీళ్ళై, పసుపు నీళ్ళై, అంచు నుంచి కారి గడ్డిలోకి వచ్చాయి. ఒట్టి పాదాల మధ్య నుంచి పారుతున్న ఆ పచ్చటి నీటిని చూసి కనకానికి దుఃఖం రాలేదు. అదే ఆశ్చర్యం. నెలంతా నాననిచ్చిన బట్ట ఇప్పుడు పిండుతున్నట్టు, ఏదో తేలికైనట్టు అనిపించింది. మైదానం వైపు నుంచి చూస్తున్నవాళ్ళకు మాత్రం ముఖాలు ముందు కళ్ళు కోల్పోయి, తర్వాత నోళ్ళు కోల్పోయి, చీరల్లోకి జారిపోతున్నాయి.

పెద్ద గాలి ఒకటి కొట్టింది. వెదురు పటపటమని విరిగింది. తెర మొత్తం ముందుకు ఒరిగి, గోలు పక్కగా నేలమీద పరుచుకుంది.

తెర పోయిన చోట ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ముందు అప్పయమ్మ, చంకన బిందె. పక్కన లక్ష్మీనరసమ్మ. గంపను తలమీద బోర్లించుకున్న ఫూల్‌బాయి. వెనక చిన్నతల్లి, ఈసారి ముఖం దాచుకోలేదు. వానలో తడిసి, కదలకుండా, ఎదురుగా ఉన్న పచ్చటి మైదానాన్ని చూస్తున్నారు. అంత పెద్దదని వాళ్ళలో ఎవరూ అనుకోలేదు.

డోలు ఆగింది. సూర్యం కాళ్ళ దగ్గర బంతి ఉంది, ఎదురుగా గోలు ఉంది. అతను బంతిని వదిలేసి కనకాన్ని చూస్తున్నాడు. రెఫరీ విజిల్ వేయలేదు. చక్రధర్‌పూర్ ఆటగాడొకడు ముందుగా తెలివి తెచ్చుకుని, సూర్యం కాళ్ళ దగ్గర్నుంచి బంతి తీసుకుని వెళ్ళిపోయాడు.

గీత పక్క నుంచి బంగార్రాజు గొంతు ఇంజను కూతలా వినిపించింది. “ఓరి సూర్యం! ఆడోళ్ళని సూస్తావేట్రా! బంతి సూడు! బంతి!”

మైదానం మళ్ళీ కదిలింది. అప్పయమ్మ బిందె కింద పడేసింది. “పరిగెట్టరా! పరిగెట్టు!” అని అరిచింది. ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. నెల రోజులు కళ్ళు మూసుకుని విన్నదంతా వాళ్ళ గొంతుల్లోంచి బయటికి వచ్చింది.

కనకం కాసేపు బంతిని చూసింది. తర్వాత పక్కకు తిరిగి మనుషులను చూసింది. తను అందరికీ నోళ్ళు తెరిచి గీసింది. ఇక్కడ ఎవరి నోరూ అలా లేదు. బంతి తమ గోలు వైపు పోతుంటే లక్ష్మీనరసమ్మ పళ్ళతో కొంగు కొరుకుతోంది. చిన్నతల్లి పక్కామె మోచేతిని గిల్లుతోంది, ఆ పక్కామెకు గిల్లుతున్నట్టు కూడా తెలియదు. ఫూల్‌బాయి కుడికాలు దానంతటదే లేచి గాల్లో తన్నుతోంది. అప్పయమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో వానలో తెలియలేదు. ఆటను చూసే ముఖం ముఖంలో ఉండదు, చేతుల్లో, కాళ్ళలో, పక్కవాళ్ళ చర్మంలో ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎంత తప్పుగా గీశానో అనుకుంది కనకం. ఆ తప్పు తెలియడం ఆమెకు ఎంతో సంతోషంగా ఉంది.

శంకరరావు ఎంత దూకినా బంతి అతని వేళ్ళ పక్క నుంచి పోయింది. షెడ్డు జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది.

వాన వెలిశాక బంగార్రాజు పడిపోయిన తెర దగ్గరికి వచ్చాడు. అందులో ఏమీ మిగల్లేదు. లేత నీలం, లేత పసుపు కలిసిపోయి, తెల్లారేముందు ఆకాశంలా ఉంది. ఆయన ఆడవాళ్ళ వైపు చూడకుండా గుడ్డ ఒక చివర ఎత్తి పిండాడు. రెండో చివర కనకం పట్టుకుంది.

“మళ్ళీ గీస్తావా అమ్మీ?” అన్నాడు.

“గీస్తాను బాబూ. ఈసారి జనాన్ని కాదు.”

“మరేటి?”

“సెట్లు. జనం వొస్తారు గదా.”

బంగార్రాజు గుడ్డ పిండుతూనే ఉన్నాడు. అప్పయమ్మ చేతులు నడుం మీద పెట్టుకుని ఆయన ఏమంటాడా అని చూస్తోంది.

“ఎడంపక్క వొక పెద్ద సెట్టు ఏయి,” అన్నాడాయన కాసేపటికి. “ఆడోళ్ళకి నీడుంటాది.”

తిరిగి వెళ్ళేటప్పుడు సూర్యం, కనకం ఆర్పా గట్టు మీదుగా నడిచారు. నదిలో కొత్త నీరు వస్తోంది.

“నా వల్లే ఓడిపోనాం,” అన్నాడు.

“అవును,” అంది కనకం. కొంత దూరం వెళ్ళాక, “మరి అలగెందుకు సూసినావు మావా?” అంది.

“నువ్వు అక్కడున్నావని తెలుసు. నీడ సూసేవోణ్ణి ఆటప్పుడల్లా. అయినా నువ్వే కనపడేసరికి…” కనకం చీర అంచు నీలంగా, పాదాలు పసుపుగా ఉన్నాయి. సూర్యం ఆమె చెయ్యి పట్టుకుని బురద దాటించాడు. బయట ఎవరైనా చూస్తారేమో అని ఇద్దరూ అనుకోలేదు.

మర్నాడు సూర్యం పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ నానిపోయిన బంతిని కనకానికి ఇచ్చాడు. నీడలో ఆరబెట్టి నూనె రాయమన్నాడు. ఆమె ఆవనూనె రాసింది. కుట్ల వెంట వేలు పోనిచ్చింది. తోలు వాసన, మట్టి వాసన. ఇన్నాళ్ళూ చప్పుడుగా మాత్రమే తెలిసిన వస్తువు ఒళ్ళో ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు. పెరట్లో నేలమీద పెట్టి, చుట్టూ చూసి, పాదంతో మెల్లిగా నెట్టింది. అది దొర్లి గోడను తాకి ఆగింది. దగ్గరికి వెళ్ళి ఈసారి తన్నింది. బొటనవేలు జివ్వుమంది. బంతి ఆమె అనుకున్న వైపు కాకుండా వేరేవైపు పోయి పెరటి తలుపుకు తగిలింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అప్పయమ్మ నిలబడి ఉంది, కాళ్ళ దగ్గర బంతి. మొన్న అడిగి పట్టుకెళ్ళిన వజ్రం బంక చిప్ప తిరిగి ఇద్దామని వచ్చినట్టుంది. చిప్పను గుమ్మం పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, లోపలికి వచ్చి గడియ వేసింది.

“అలగ కాదే,” అంది చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ. “మా ఆయన సెప్తంటే ఇన్నాను. ఏలితో కాదు, మడమ తిప్పి పక్కతో కొట్టాలంట. జరుగు.”

కనకం గోడ దాకా జరిగి నిలబడింది. షెడ్డు నుంచి ఆవిరి మెల్లిగా పెరట్లోకి దిగుతోంది. అప్పయమ్మ సగం మాయమైంది. ఆ తెలుపులోంచి దబ్బుమని ఒక చప్పుడు, వెంటనే బంతి బయటికి దూసుకొచ్చింది.